ఆకుపచ్చ రంగేసిన పాత రీలోడింగ్ ప్రెస్: ఇది ఎవరి తయారీ? ఇసుక బ్లాస్టింగ్‌కి ఇచ్చేయనా?

తుప్పుబేరం
ఒక పెద్దాయన షెడ్డు ఖాళీ చేస్తుంటే సాయం చేయడానికి వెళ్లాను. పాత పనిముట్లతో పాటు తూటాల రీలోడింగ్ ప్రెస్ ఒకటి నాకిచ్చారు, కాల్చేసిన తూటాల ఖాళీ కేసుల్ని మళ్లీ నింపే యంత్రం. పోత ఇనుము, ముందువైపు తెరిచి ఉన్న సి ఆకారం, మంచి బరువు. ఒళ్లంతా ఆకుపచ్చ రంగు, అదీ బ్రష్షుతో రెండు మూడు సార్లు మందంగా పూసింది. పేరు ఎక్కడా కనబడదు. రామ్ (హ్యాండిల్ లాగితే పైకీ కిందికీ కదిలే కడ్డీ) మీద తుప్పు. హ్యాండిల్ సగం దాకా వచ్చి ఠక్కున ఆగిపోతోంది. దాంతో పాటు 30-06 రైఫిల్ తూటాల డైలు (ప్రెస్ పైన మరలతో బిగించే అచ్చులు) ఉన్న చిన్న అట్టపెట్టె కూడా వచ్చింది.
ఆకుపచ్చ అంటే ఆర్‌సీబీఎస్ కంపెనీది అని ఇద్దరు చెప్పారు. నిజమేనా? శనివారం ఇసుక బ్లాస్టింగ్‌కి ఇచ్చి, పౌడర్ కోటింగ్ చేయించి కొత్తదానిలా మెరిపిద్దామని ఉంది. హ్యాండిల్‌ని మాత్రం సుత్తితో నాలుగు దెబ్బలేస్తే కదులుతుందనిపిస్తోంది.

నిదానం
సుత్తి కింద పెట్టండి ముందు. హ్యాండిల్ సగంలో ఆగిందంటే ప్రైమింగ్ ఆర్మ్ (కేసు అడుగున ప్రైమర్ అనే చిన్న పేలుడు మూతని బిగించే చేయి) రామ్ గాడిలో ఇరుక్కుని ఉండొచ్చు. ఆ ఆర్మ్ చివర కప్పులో పేలని ప్రైమర్ ఉందో లేదో చూశారా? పాత ప్రెస్సుల్లో ఇది మామూలే. మీద దెబ్బ పడితే పేలడమే దాని పని, ఎన్నేళ్లు గడిచినా సరే.

తుప్పుబేరం
చూడలేదు. ఇప్పుడే టార్చి పట్టుకుని వెళ్తున్నా.

పోతపని
ఇసుక కూడా వద్దు. ఎందుకో చెప్తాను. పోతలో ఉబ్బెత్తుగా వచ్చిన అక్షరాలు ఆ మందపు రంగు కింద పూడిపోయి ఉండొచ్చు. ఇసుక వాటి అంచుల్ని గుండ్రంగా కొరికేస్తుంది. రామ్ తిరిగే రంధ్రం, డై మరలు, పిన్నుల రంధ్రాలు, ఇవన్నీ మెషీన్ మీద కొలత ప్రకారం కోసినవి. ఇసుక వాటిలోకి దూరితే కొలత పోతుంది, మిగిలిపోయిన రేణువులు రామ్‌ని రోజూ అరగదీస్తాయి. పౌడర్ కోటింగ్ మందం కూడా మరల్లో పేరుకుంటుంది. కనీసం అది ఏ ప్రెస్సో తెలిసే దాకా ఏదీ తీయకండి. ఆ రంగు కింద ఏముందో అదే మనకున్న సాక్ష్యం.

హ్యాండిల్‌రాజు
ఇంత చర్చ దేనికి, ఆకుపచ్చ అంటే ఆర్‌సీబీఎస్సే. నా దగ్గర వాళ్ల జూనియర్ మోడల్ ఉంది, రంగు అదే.

డైపెట్టె
హ్యాండిల్‌రాజు గారూ, రంగు చూసి పేరు పెట్టడం మొదలెడితే ఈ ఫీల్డులో సగం ప్రెస్సులకి తప్పు పేర్లే వస్తాయి. రెడ్డింగ్ వాళ్లదీ ఆకుపచ్చే. లైమన్ అంటే అందరికీ నారింజ రంగు గుర్తొస్తుంది, కానీ వాళ్ల పాతవి బూడిద రంగులో ఉంటాయి. పైగా తుప్పుబేరం గారే చెప్పారు, బ్రష్షుతో పూసిందని. ఫ్యాక్టరీలో బ్రష్షుతో మూడు పొరలు ఎవరూ పూయరు. షెడ్డులో ఏ డబ్బా మిగిలితే ఆ రంగు.

నేనైతే ఈ వరసలో చూస్తాను. మొదట ఫ్రేము ఆకారం: సి, ఓ, లేక రెండు స్తంభాల మధ్య అడ్డకమ్మీ కదిలే హెచ్. సి-హెచ్ అనే కంపెనీ పేరు చెప్పగానే గుర్తొచ్చేది ఈ హెచ్ రకం. పైన తిరిగే తల ఉంటే అందులో రంధ్రాలు ఎన్ని? లైమన్ ఆల్ అమెరికన్‌కి నాలుగు, స్పార్-టికి ఆరు. తర్వాత షెల్ హోల్డర్ (కేసు అడుగుని పట్టుకునే ముక్క) రామ్‌కి ఎలా తగులుకుంటుంది? ఇప్పటివి పక్కనుంచి జారి క్లిప్పుతో ఆగుతాయి. పాతవాటిలో కొన్నింటికి కాడ ఉంటుంది, అది రామ్‌లోకి దిగి పక్క స్క్రూతో బిగుస్తుంది. కొన్నింటిలో రామ్ తలే షెల్ హోల్డర్. ఆ తర్వాత డై రంధ్రం మర, హ్యాండిల్‌ని రామ్‌తో కలిపే లింకుల అమరిక, చివరికి అక్షరాలు. రంగు అన్నిటికన్నా ఆఖర్న.

తుప్పుబేరం
నిదానం గారూ, మీకు దణ్ణం. ఆర్మ్ రామ్ గాడిలో తుప్పుపట్టి అతుక్కుపోయింది. కప్పులో ప్రైమర్ ఉంది! పైకి రాగి రంగు కనబడుతోంది. నిన్న దాని మీదే సుత్తి వేయబోయాను. చేతులు వణుకుతున్నాయి ఇంకా.

నిదానం
ఏం పర్లేదు, ఇప్పుడు తొందర లేదు. కళ్లద్దాలు పెట్టుకోండి. వేడి చేయొద్దు, దెబ్బ వద్దు, కప్పులోకి దేంతోనూ పొడవొద్దు. తుప్పు వదిలించే నూనె ఆర్మ్ పిన్ను చుట్టూ వేసి రెండు రోజులు వదిలేయండి. పిన్ను వదులయ్యాక మెల్లగా లాగి ఆర్మ్‌ని మొత్తంగా బయటికి తీయండి. మొహం దానికి ఎదురుగా పెట్టకండి. ఇంకో మాట: నూనెలో నానింది కాబట్టి ప్రైమర్ చచ్చిపోయిందని మాత్రం అనుకోవద్దు. లక్క పూత ఉన్నవి నూనెలో నానబెట్టినా పేలతాయి. బయటికొచ్చాక పేలుడు పదార్థాలు తీసుకునే చోట అప్పజెప్పండి, చెత్తబుట్టలో వేయకండి.

నక్షత్రం_శాండియాగో
నిదానం గారు చెప్పింది అక్షరాలా నిజం. నా దగ్గర శాండియాగోలో తయారైన స్టార్ ప్రోగ్రెసివ్ ఉంది. ఇది లాగుడికి ఒక్క పనే చేసే సింగిల్ స్టేజి కాదు, ఒక్కో లాగుడికి అన్ని పనులూ ఒకేసారి జరిగే రకం, కాబట్టి ప్రైమర్లు నిలువు గొట్టంలో ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. నాకు వచ్చినప్పుడు గొట్టం ఖాళీ అనుకున్నాను. సన్నటి చెక్కపుల్ల పైనుంచి వేలాడదీసి చూస్తే అడుగున మూడు వేళ్ల ఎత్తున ఆగిపోయింది. అన్ని ప్రైమర్లూ లోపలే ఉన్నాయి! గొట్టంలో ఒకటి పేలితే మిగతావన్నీ వరసగా అందుకుంటాయి. ప్రెస్ ఇంటికి రాగానే గొట్టం, ఆర్మ్, పౌడర్ (తూటా మందు) డబ్బా, ఈ మూడూ చూశాకే నేను స్పానర్ పట్టుకుంటాను.

కొలిమి
పౌడర్ డబ్బాలో మిగిలిన పౌడర్ కూడా. లేబుల్ లేని పాత పౌడర్ ఏదో ఎవరికీ తెలియదు. వాసన చూసి, రంగు చూసి గుర్తుపడతామని చెప్పేవాళ్లని నమ్మొద్దు.

డైపెట్టె
ప్రైమర్ సంగతి తేలింది కాబట్టి అక్షరాల దగ్గరికి వద్దాం. తుప్పుబేరం గారూ, గదిలో లైటు ఆర్పి, టార్చిని ఫ్రేముకి ఆనించి పక్కవాటుగా వేయండి. రంగు ఎంత మందంగా ఉన్నా పోత అక్షరాల నీడ పడుతుంది.

తుప్పుబేరం
వేశాను. ఫ్రేము పక్కన ఏదో ఉంది! మధ్యలో ఐ, ఎఫ్ లాంటివి తెలుస్తున్నాయి. దానికి ముందు గుండ్రటి గీత ఒకటి. మిగతాది రంగు ముద్ద.

హ్యాండిల్‌రాజు
ఐ, ఎఫ్... కాలిఫ్! కాలిఫోర్నియాకి అప్పట్లో అలాగే రాసేవాళ్లు. ఆర్‌సీబీఎస్ ఊరు కాలిఫోర్నియాలోని ఓరోవిల్. నేను మొదట్నుంచీ చెప్తూనే ఉన్నా.

పోతపని
కాలిఫ్ అయితే ఐకి ముందు ఎల్ ఉండాలి, అది నిలువు గీత. ఆయన గుండ్రటి గీత అంటున్నారు. అది సి కావచ్చు.

డైపెట్టె
నాకూ అదే తట్టింది. సి, ఐ, ఎఫ్ అయితే పసిఫిక్. తేల్చడం తేలిక: ఎఫ్ తర్వాత ఇంకో అక్షరం ఉందో లేదో చూడండి. కాలిఫ్ ఎఫ్‌తో అయిపోతుంది. పసిఫిక్‌కి ఇంకా ఐ, సి ఉండాలి.

తుప్పుబేరం
ఎలా చూడను? గీకితే అక్షరం పోతుందేమో.

పోతపని
ఇనప బ్లేడు వద్దు. రంగు మెత్తబరిచే స్ట్రిప్పర్ జెల్ ఆ చోట మాత్రమే పూసి, పైన ప్లాస్టిక్ కాగితం కప్పి వదిలేయండి. తర్వాత చెక్క పుల్లతోనో పాత టూత్‌బ్రష్‌తోనో తీయండి. పొడిగా రుద్దకండి. అంత పాత రంగులో సీసం ఉండే అవకాశం ఎక్కువ. అమెరికాలో ఇళ్ల రంగుల్లో సీసాన్ని నిషేధించిందే 1978లో. ఇంకా, ప్రెస్ సందుల్లో పేరుకున్న నల్లటి మసి వాడేసిన ప్రైమర్లది, దాంట్లోనూ సీసం ఉంటుంది. తడిగా తుడవండి, చేతికి తొడుగులు వేసుకోండి, ఎయిర్ కంప్రెసర్‌తో ఊదకండి. పిల్లలు తిరిగే చోట అస్సలు వద్దు.

మరచుట్టు
ఈలోగా డై రంధ్రం సంగతి. మురికిగా ఉందని మరలు కోసే ట్యాప్ తిప్పేయకండి. ఇప్పటి డైలకి మామూలుగా ఉండేది 7/8 అంగుళం, అంగుళానికి 14 మరలు. నేను ఒకసారి వెర్నియర్ పెట్టి 22 మిల్లీమీటర్ల చిల్లర అని చూసి, చేతిలో ఉన్న మెట్రిక్ 22 ట్యాప్ వేశాను. 7/8 అంటే 22.2 మిల్లీమీటర్లు, మరకీ మరకీ దూరం 1.81. నా ట్యాప్‌ది 1.5. రెండు చుట్లలోనే పాత మరలన్నీ తెగి ఊడొచ్చాయి. చక్కగా ఉన్న ప్రెస్ నా చేతుల్లోనే పాడైంది, ఇప్పటికీ బాధే. మరల గేజి పెట్టి లెక్కపెట్టాకే ట్యాప్ ముట్టండి. అన్నిటికీ 7/8 అని కూడా అనుకోవద్దు. లైమన్ ట్రూ-లైన్ జూనియర్ లాంటివి వాళ్ల చేతి పటకారు (చేత్తో నొక్కి రీలోడ్ చేసే పనిముట్టు) డైలే వాడతాయి, అవి ఇంకా సన్నం. ఇక హాలీవుడ్ అనే కంపెనీ పెద్ద ప్రెస్సుల్లో రంధ్రం అంగుళంన్నర, దాంట్లో బుషింగు (రంధ్రాన్ని చిన్నది చేసే గొట్టపు ముక్క) వేసి మామూలు డై పెట్టుకోవాలి.

పటకారు
మరచుట్టు గారు చేతి పటకారు అనగానే నాదీ చెప్పాలనిపించింది. నా దగ్గర ఐడియల్ వాళ్ల పటకారు ఉంది, నికెల్ పూతతో. బెంచికి బిగించే ప్రెస్సులు రాకముందు వేటగాళ్లు సంచిలో వేసుకుని వెళ్లినవి ఇవే. జాన్ బార్లో 1884లో న్యూ హేవెన్‌లో మొదలెట్టిన కంపెనీ అది. 1910లో మార్లిన్ కొన్నది, 1925లో లైమన్ చేతికొచ్చింది. అందుకే లైమన్ సామాన్ల మీద చాలాకాలం ఐడియల్ పేరు కనబడుతుంది. నా పటకారుకి తుప్పు చుక్కలుంటే వెనిగర్‌లో ముంచమని ఎవరో చెప్పారు. ముంచితే నికెల్ కింది ఇనుముని తినేసి పూత పొట్టులా లేచింది. పూత ఉన్న వస్తువుకి వెనిగర్ వద్దు.

కొలిమి
పూత లేనిదానికి మాత్రం వెనిగర్ బాగానే పనిచేస్తుంది. నేను రాత్రంతా నానబెట్టి పొద్దున సోడా నీళ్లతో కడుగుతాను.

పోతపని
కొలిమి గారూ, పోత ఇనుము మీద ఒప్పుకుంటా, అదీ కొన్ని గంటలకే. రామ్ మీద, పిన్నుల మీద వద్దు. నునుపు పోయి బూడిద రంగు మచ్చలు పడతాయి. ఫ్రేముకైతే నేను కరెంటు పద్ధతి వాడతాను. ప్లాస్టిక్ తొట్టిలో నీళ్లు, బట్టల సోడా, బ్యాటరీ ఛార్జర్. ప్రెస్‌కి నెగెటివ్, పనికిరాని మామూలు ఇనప రేకుకి పాజిటివ్. స్టెయిన్‌లెస్ రేకు పెట్టొద్దు, దాంట్లోంచి విషపు క్రోమియం నీళ్లలోకి దిగుతుంది. హైడ్రోజన్ బుడగలు వస్తాయి కాబట్టి ఆరుబయట చేయాలి, నిప్పు దగ్గర ఉండకూడదు. అల్యూమినియం భాగాలు ముందే విప్పేయాలి, సోడా వాటిని తినేస్తుంది. స్ప్రింగులు, గట్టిపరిచిన పిన్నులు కూడా ఆ తొట్టిలో వేయను. హైడ్రోజన్ లోపలికి ఇంకితే పెళుసుబారతాయి.

తుప్పుబేరం
అంతా రంగుతో పాటు తొట్టిలో వేసేస్తే?

డైపెట్టె
వద్దండీ! సోడా నీళ్లలో రంగు కూడా మొత్తం వదిలిపోతుంది. ఆ ఆకుపచ్చ కింద అసలు ఫ్యాక్టరీ పొర మిగిలుంటే అదీ పోతుంది. సేకరించేవాళ్లకి అరిగిన అసలు రంగు మీదున్న మోజు కొత్తగా మెరిసేదాని మీద ఉండదు.

హ్యాండిల్‌రాజు
ఇక్కడ నేను ఒప్పుకోను. ఇది మ్యూజియం వస్తువు కాదు, పనిముట్టు. నా జూనియర్‌ని పూర్తిగా రంగు తీసి మళ్లీ వేశాను. రోజూ వాడతాను, చూసినప్పుడల్లా సంతోషంగా ఉంటుంది. లోకంలో వేలకొద్దీ ఉన్న మోడల్‌కి అసలు రంగు పోతే కొంపలేం మునగవు.

డైపెట్టె
వేలకొద్దీ ఉన్న మోడల్ అని తెలిశాక మీ మాటే నా మాట. తెలియక ముందే తీయొద్దంటున్నా, అంతే.

తుప్పుబేరం
ఫలితం వచ్చింది! జెల్ రెండుసార్లు పూశాను. ఎఫ్ తర్వాత ఐ ఉంది, దాని తర్వాత సి. ముందువైపు పి, ఏ కూడా తేలాయి. పసిఫిక్! ఆకుపచ్చ కింద ఇంకో పాత పొర ఉంది, ముదురు రంగు, అక్షరాల అంచుల దగ్గర అరిగిపోయి లోహం కనబడుతోంది. ఇసుక కొట్టించి ఉంటే ఇదంతా పోయేది.

హ్యాండిల్‌రాజు
సరే, ఒప్పేసుకున్నా. పసిఫిక్కే. మంచి ప్రెస్ దొరికింది, అభినందనలు. షెల్ హోల్డర్ ఎలా ఉందో చూసి చెప్పండి.

తుప్పుబేరం
కాడ ఉన్నదే. పక్కన స్క్రూ. డైపెట్టె గారు చెప్పిన పాత రకం.

డైపెట్టె
పసిఫిక్ గన్ సైట్ కంపెనీ మొదట శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉండేది. తర్వాత నెబ్రాస్కాలోని లింకన్‌కి మారింది, ఆ తర్వాత హోర్నడీ వాళ్లు తీసుకున్నారు. కాబట్టి ఊరి పేరు కాలాన్ని చెప్తుంది. అట్టపెట్టె మీద ఏముంది?

తుప్పుబేరం
పసిఫిక్ గన్ సైట్ కంపెనీ, శాన్‌ఫ్రాన్సిస్కో. ఊరి పేరు పక్కన రెండంకెల నంబరు, తర్వాత కాలిఫ్.

హ్యాండిల్‌రాజు
నా కాలిఫ్ ఎట్టకేలకు దొరికింది!

చిరునామా
ఆ రెండంకెల నంబరే అసలు ఆధారం. అమెరికా తపాలా వాళ్లు పెద్ద ఊళ్లలో జోన్ నంబర్లు పెట్టింది 1943లో. 1963 జులైలో అయిదంకెల జిప్ కోడ్ వచ్చింది, రాష్ట్రానికి రెండక్షరాల పొట్టి పేరు కూడా అదే ఏడాది. అంటే ఆ లేబుల్ 1943కి ముందు అచ్చయి ఉండదు. 1963 తర్వాత కూడా పాత లేబుళ్లు అయిపోయేదాకా కొందరు వాడి ఉంటారు, కాబట్టి ఆ చివర కొంచెం వదులుగా పట్టుకోండి.

పోతపని
అది డైల పెట్టె వయసు, ప్రెస్‌ది కాదు. డైలు తర్వాతైనా కొని ఉండొచ్చు.

చిరునామా
నిజమే, ఒప్పుకుంటున్నా. ప్రెస్ మీద ఎక్కడైనా పేటెంట్ నంబరు ఉంటే అది ఇంకో ఆధారం. 20 లక్షల నంబరు ఇచ్చింది 1935లో, 30 లక్షలది 1961లో, 40 లక్షలది 1976లో. నంబరు ఏ సంవత్సరానిదో అంతకన్నా ముందు ఆ వస్తువు తయారై ఉండదు. ఎంత తర్వాతదో మాత్రం చెప్పదు.

తుప్పుబేరం
నంబరు ఏమీ లేదు. ఆర్మ్ బయటికొచ్చింది, ప్రైమర్‌ని అప్పజెప్పేశాను. హ్యాండిల్ పైనుంచి కిందిదాకా తిరుగుతోంది ఇప్పుడు! రామ్ మీది తుప్పు ఎలా తీయాలి?

పోతపని
నూనె రాసి, అన్నిటికన్నా సన్నటి స్టీల్ వూల్‌తో మెల్లగా. ఎమరీ కాగితం వద్దు. రామ్ వ్యాసం ఎంత తగ్గితే ఆటలో అంత వదులొస్తుంది, పోయిన లోహం తిరిగి రాదు. గుంటలు పడిన చోట గుంటలుగానే వదిలేయండి. అవి పనికి అడ్డం రావు, ఉబ్బుగా ఉన్న తుప్పు పోతే చాలు. లింకు పిన్నులు అరిగి ఉంటే వాటిని మార్చండి. రంధ్రాలు కోడిగుడ్డులా సాగి ఉంటేనే రీమర్‌తో గుండ్రంగా కోసి బుషింగు వేయండి.

అతుకు
వాడే ముందు పగుళ్లు చూశారా? సి ఫ్రేము ఒత్తిడి పడినప్పుడల్లా కాస్త నోరు తెరుస్తుంది. లోపలి మూల దగ్గరే పగులు మొదలవుతుంది. ఓ ఆకారానికి ఈ బెడద తక్కువ, అందుకే గట్టి పనికి అందరూ దానివైపు పోయారు. ఆ మూలకి కిరోసిన్ పూసి పావుగంట ఆగండి. శుభ్రంగా తుడిచి సుద్దపొడి రాయండి. పగులుంటే లోపలి కిరోసిన్ పైకి వచ్చి సుద్ద మీద తడి గీత పడుతుంది. నా పాత సి ప్రెస్‌కి అలాగే గీత వచ్చింది. వేడి చేసి కంచు కడ్డీతో అతికించాను. చూడ్డానికి అతుకు తెలియదు, కానీ రైఫిల్ కేసుల్ని డైలోకి నొక్కి సైజు చేసే బరువు పని దానికి మళ్లీ ఇవ్వలేదు. ఖాళీ కేసుల్లోంచి వాడేసిన ప్రైమర్లు తీసే చిన్న పనికే ఉంచాను.

నక్షత్రం_శాండియాగో
అతికించిన సి ఫ్రేముని అసలు బెంచి మీదే ఉంచకూడదని నా పట్టుదల. ఎవరో తెలియనివాళ్లు వచ్చి గట్టిగా లాగితే?

అతుకు
మీ మాటలో న్యాయం ఉంది. పైన చీటీ అంటిస్తాను, నా తర్వాత ఎవరి చేతికి వెళ్లినా తెలుస్తుంది.

తుప్పుబేరం
సుద్ద పరీక్ష చేశాను. రెండుసార్లు. గీత ఏమీ లేదు, పొడిగానే ఉంది. లింకు పిన్నుల్లో ఒకటే అరిగింది, అది చేయిస్తున్నాను. ఆకుపచ్చ మొత్తం మెల్లగా తీస్తున్నా, కింది పొర ఎంత మిగిలితే అంతే ఉంచి పల్చగా మైనం రాస్తాను. కొత్త రంగు వేయను.

ఒక్క చోట మాత్రం తీయలేదు. బెంచికి బిగించే అడుగు భాగాన్ని తిరగేస్తే ఆకుపచ్చ రంగులో బొటనవేలి ముద్ర ఉంది. రంగు ఆరకముందే పట్టుకుని తిప్పినట్టున్నారు ఆ పెద్దాయన. గీతలన్నీ స్పష్టంగా కనబడుతున్నాయి. ఆయన కూతురికి ఫోటో పంపాను. అడుగున ఆ ఆకుపచ్చ అలాగే ఉంచుతున్నా.

డైపెట్టె
ఉంచండి. మైనం దాని మీద రాయకండి, మెత్తటి గుడ్డతో దుమ్ము దులపండి చాలు. షెల్ హోల్డర్ కాడ వ్యాసం కొలిచి పెట్టండి. నా డబ్బాలో పాతవి కొన్ని ఉన్నాయి, సరిపోయేది దొరికితే పంపిస్తాను.